స్విచ్ వెయ్యకండి, ముందు ఇది చదవండి

పాత కంప్యూటర్ల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో నా మొదటి ఉద్యోగం గురించి, అంటే పంచ్ కార్డుల మీద (కంప్యూటర్‌కి సమాచారం అందించే అట్టముక్కలవి) చిల్లులు కొట్టే పని గురించి, నాలుగు మాటలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. కాలేజీ ప్రాజెక్టు రాసిపెట్టమన్న ముగ్గురికి మాత్రం ఇవ్వడం లేదు. మీరెవరో మీకు తెలుసు.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు టీచర్ని. అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్తున్నాను. మౌంటెన్ వ్యూలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఉందట, తీసుకెళ్తానని అల్లుడు ఒకటే గొడవ. నాకు కంప్యూటర్ అంటే వాట్సాప్ తప్ప ఏమీ తెలియదు. మూడు గంటలు నిలబడి ఇనప పెట్టెలు చూసి నేనేం చెయ్యాలి మేడమ్?

టీచర్ గారూ, మీ భయంలో న్యాయం ఉంది. ఆపేసి ఉన్న కంప్యూటర్ కంటే బీరువా నయం, తలుపు తీస్తే కనీసం చీరలుంటాయి. అందుకే మీ అల్లుడికి ఒక షరతు పెట్టండి. ఐబీఎం 1401 అనే పాత కంప్యూటర్ గదిలో డెమో ఉన్న రోజే తీసుకెళ్లాలి. అది రోజూ ఉండదు, మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరమనండి. నేను వెళ్లింది ఒక శనివారం.

ఆ గదిలో రెండు 1401లు ఉన్నాయి. ఒకటి జర్మనీ నుంచి, ఒకటి కనెక్టికట్ నుంచి వచ్చాయి. రెండూ మూలపడ్డవే. వాటి మీద ఒకప్పుడు పనిచేసిన రిటైర్డ్ ఇంజినీర్లు జీతం లేకుండా ఏళ్ల తరబడి కూర్చుని బతికించారు. ఈ మోడల్ 1959లో వచ్చింది, ప్రపంచం మొత్తమ్మీద పదివేలకు పైగా నడిచాయి. మా ఆఫీసులో ఉన్నదీ ఇదే. తలుపు దగ్గరికి వెళ్లేసరికి నాకు ముందు చప్పుడు తగిలింది. కార్డు రీడర్ నిమిషానికి 800 కార్డులు మింగుతుంది. ప్రింటర్ నిమిషానికి 600 లైన్లు కొడుతుంది. ఇంగ్లిష్ అక్షరాలన్నీ ఒక గొలుసుకి గుచ్చి ఉంటాయి. ఆ గొలుసు అడ్డంగా పరుగెడుతుంటే, కావలసిన అక్షరం కావలసిన చోటికి వచ్చిన క్షణంలో వెనకనుంచి బుల్లి సుత్తి టక్కున కొడుతుంది. అలాంటి సుత్తులు 132. కాగితం ఆగి ఆగి పైకి ఎగురుతుంటే మా మనవరాలు చెవులు మూసుకుంది. నేను మూసుకోలేదు. నలభై ఏళ్ల తర్వాత పుట్టింటి గుమ్మం గడియ చప్పుడు విన్నట్టయింది.

ఇక మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. అక్కడ కార్డులు పంచ్ చేసే పాత మెషీన్ ఉంటుంది. అడిగితే మన పేరు కొట్టుకోనిస్తారు. కొట్టుకుని, కార్డుని కిటికీ వెలుగుకి పట్టి చూడండి. తెలుగు టీచర్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది, నేను చెప్తాను. కార్డులో నిలువుగా 80 గళ్లు, ఒక్కో గడిలో పన్నెండు అడ్డ వరసలు. ఒక అక్షరానికి ఒక గడిలో రెండు చిల్లులు. పై చిల్లు వర్గం చెప్తుంది, కింది చిల్లు ఆ వర్గంలో ఎన్నోదో చెప్తుంది. మనం ‘ప’ వర్గంలో మూడోది అంటే ‘బ’ అని పిల్లలు టక్కున చెప్పరూ? అలాగే అన్నమాట. ఇంగ్లిష్‌లో ఏ నుంచి ఐ దాకా మొదటి వర్గం, జే నుంచి ఆర్ దాకా రెండోది, ఎస్ నుంచి జెడ్ దాకా మూడోది. ఏ అంటే అన్నిటికంటే పైనుండే పన్నెండో వరసలో ఒకటి, ఒకటో వరసలో ఒకటి. జే అంటే పదకొండో వరసలో ఒకటి, ఒకటో వరసలో ఒకటి. మూడో వర్గం మాత్రం ఎందుకో రెండు నుంచి మొదలవుతుంది. అయిదు నిమిషాల్లో మీరు మీ పేరు చిల్లుల్లోంచి చదివేస్తారు. మీ ఫోన్‌లో మీ పేరు ఎక్కడుందో మీ అల్లుడు కూడా వేలుపెట్టి చూపించలేడు.

మిగతా హాళ్లన్నీ ఒక్క రోజులో చూడాలని ఆరాటపడకండి. గుండ్రటి సోఫాలాంటిది కనిపిస్తే అది క్రే-1, 1976 నాటి సూపర్ కంప్యూటర్, బరువు అయిదు టన్నులకి పైనే. చుట్టూ ఉన్న మెత్తటి సీట్ల కింద దాని పవర్ సప్లైలు ఉంటాయి. లోపలి తీగల్లో ఏదీ నాలుగడుగులు దాటకూడదని సీమోర్ క్రే దాన్ని అలా వంచి కట్టాడు. తీగ పొడుగైతే సిగ్నల్ ఆలస్యంగా చేరుతుంది మరి. మీ అల్లుడు అక్కడ ఓ అరగంట పాతుకుపోతారు. పోనివ్వండి, ఈలోపు మీరు మళ్లీ 1401 గదికి వెళ్లి రావచ్చు.

ప్రశ్న: ఒక మ్యూజియం ఫొటోలో చెక్క ఫ్రేముకి బిగించిన వలలాంటిది చూశాను. ఎంబ్రాయిడరీ అనుకున్నాను, కింద ‘మెమరీ’ అని రాసి ఉంది. నిజంగా మెమరీయేనా అండీ?

నిజంగానే. దాన్ని కోర్ మెమరీ అంటారు. దగ్గరగా చూసే వీలుంటే భూతద్దం తీసుకెళ్లండి. నేను మొదటిసారి చూసినప్పుడు మా సూపర్‌వైజర్ ఒక పాడైన పలకని చేతికిచ్చారు. సన్నటి రాగి తీగలు నిలువుగా, అడ్డంగా. అవి కలిసే ప్రతి చోటా ఒక నల్లపూస. అచ్చంగా మన మెళ్లో నల్లపూసలే అనిపించింది. కాకపోతే ఆవగింజంత, మధ్యలో బెజ్జం పెద్దది. ఆ పూస ఫెర్రైట్ అనే పదార్థంతో చేసిన ఉంగరం. దాని అయస్కాంతం ఒకవైపు తిరిగి ఉంటే ఒకటి, రెండోవైపు తిరిగి ఉంటే సున్నా. ఒక పూస ఒక బిట్.

ఇందులో నాకు ఇప్పటికీ ముచ్చటేసేది ఆ ఎంపిక చేసే పద్ధతి. వేల పూసల్లో ఒక్కదాన్ని తిప్పాలంటే దానికి విడిగా తీగ ఉండదు. ఒక నిలువు తీగలో సగం కరెంటు, ఒక అడ్డ తీగలో సగం కరెంటు పంపుతారు. సగానికి ఏ పూసా కదలదు. రెండు సగాలూ కలిసే మూల ఉన్న ఒక్క పూసే తిరుగుతుంది. చదవడం మరీ తమాషా. ప్రతిసారీ పూసని సున్నా వైపు నెట్టి చూస్తారు. అది తిరిగితే ఇంకో తీగలో చిన్న కుదుపు వస్తుంది, అంటే అంతకుముందు ఒకటి ఉన్నట్టు. కుదుపు రాకపోతే సున్నాయే ఉన్నట్టు. మూసిన గుప్పిట్లో ఏముందో తెరిపించి చూసినట్టన్నమాట. చూశాక మళ్లీ మూయాలి, అంటే ఒకటిని వెంటనే తిరిగి రాసిపెట్టాలి. ఇదంతా సెకనులో లక్షో వంతు సమయంలో జరిగిపోయేది.

ఎంఐటీలో జే ఫారెస్టర్ బృందం 1953లో వర్ల్‌విండ్ అనే కంప్యూటర్‌లో దీన్ని పెట్టింది. తర్వాత ఇంచుమించు ఇరవై ఏళ్లు ప్రపంచానికి ఇదే దిక్కు. చాలాకాలం ఈ పూసల్ని మైక్రోస్కోపు కింద చేత్తో గుచ్చింది ఆడవాళ్లే. 1401లో నాలుగు వేల అక్షరాల మెమరీ అంటే, అక్షరానికి ఎనిమిది చొప్పున ముప్పైరెండు వేల పూసలు. మీ ఫోన్‌లో మూడు ఎంబీల ఫొటో ఒక్కటి ఈ పద్ధతిలో దాచాలంటే రెండున్నర కోట్ల పూసలు గుచ్చాలి. మనవరాలికి ఈ లెక్క చెప్తే, ‘అమ్మమ్మా, మరి డిలీట్ చేసేస్తా’ అంది.

చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో కంప్యూటర్‌లో ప్రోగ్రామునే ఇలా నేశారు. తీగ ఉంగరంలోంచి వెళ్తే ఒకటి, పక్కనుంచి వెళ్తే సున్నా. ఒకసారి నేసేశాక తప్పు దొరికితే విప్పి మళ్లీ నేయడమే.

ప్రశ్న: మా బాబాయి అటక మీద కొమడోర్ 64 దొరికింది, అడాప్టరుతో సహా. టీవీకి కలిపి ఆన్ చేద్దామని చెయ్యి దురద పెడుతోంది ఆంటీ. చెయ్యొచ్చా?

చెయ్యి వెనక్కి తీసుకో బాబూ. తీసుకున్నావా? సరే, ఇప్పుడు చదువు.

1982లో వచ్చిన హోమ్ కంప్యూటర్ అది. అసలు శత్రువు ఆ అడాప్టరే. అందులోంచి రెండు రకాల కరెంటు వస్తుంది, 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ. వయసు మీదపడ్డాక ఆ 5 వోల్టుల వైపు వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ చెడిపోయి, తక్కువ ఇవ్వాల్సింది పోయి ఎక్కువ ఇవ్వడం మొదలుపెడుతుంది. అప్పుడు ముందుగా పోయేవి మెమరీ చిప్పులు. మల్టీమీటర్ పెట్టి చూస్తే 5 కనిపించొచ్చు, అయినా నమ్మకు. వేడెక్కాక ఏమిస్తుందో ఎవరు చూశారు? ఈ మెషీన్ కోసమే కొత్తగా తయారుచేసిన అడాప్టర్లు దొరుకుతున్నాయి. అది కొనుక్కుని, పాతదాన్ని బాబాయి జ్ఞాపకంగా అల్మరాలో పెట్టు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నేను ఒకసారి చేసిన ఘనకార్యం ఉంది. ఒక పాత హోమ్ కంప్యూటర్ ఇంటికి తెచ్చుకున్నాను, ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. తుడిచి, ముస్తాబు చేసి, ఇంట్లో అందర్నీ పిలిచి స్విచ్ వేశాను. ఆన్ అయింది. చప్పట్లు కొట్టారు. పదో నిమిషంలో టప్‌మని పేలి, వెనకనుంచి తెల్లటి పొగ, కళ్లు మండే కంపు. మా ఆయన కర్టెన్లు ఊడదీసి ఉతికారు. ఆ రోజు నుంచి ఏ పాత మెషీన్ తెచ్చినా, ‘ముందు కర్టెన్లు తీసేయనా?’ అని అడుగుతారు. పోయింది పవర్ సప్లైలో ఒక కాగితపు కెపాసిటర్, అంటే కరెంటుని కాసేపు దాచిపెట్టే బుల్లి భాగం. పైన ప్లాస్టిక్ పెంకు బీటలువారి, ఏళ్ల తరబడి గాలిలోని తేమ పీల్చుకుని కూర్చుంది. మూత తీసి చూసుంటే ఆ బీటలు కంటికే కనిపించేవి. చూడలేదు, హడావిడి.

కాబట్టి ముందు మూత తీసి చూడు. కెపాసిటర్లు ఉబ్బాయా, కారాయా, బోర్డు మీద పచ్చటి చిలుం ఉందా? నీ మెషీన్‌లో బ్యాటరీ ఉండదు, అదృష్టవంతుడివి. బ్యాటరీ ఉన్న పాత బోర్డులు ఎవరి దగ్గరైనా ఉంటే ఈ పత్రిక పక్కనపెట్టి ఇప్పుడే వెళ్లి అది తీసేయండి. అది కారి రాగి గీతల్ని తినేస్తుంది. కీబోర్డు కనెక్టర్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. పాత డబ్బా టీవీని, మానిటర్‌ని మాత్రం నువ్వు విప్పకు. ప్లగ్గు తీసేశాక కూడా లోపల ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉండొచ్చు. అది తెలిసినవాళ్ల పని.

ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారిందని రాశావు కదా. మంటలు అంటుకోకుండా ఆ ప్లాస్టిక్‌లో బ్రోమిన్ కలిపేవారు, వెలుతురికి అలా మారుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెట్టి తెల్లగా చేసేవాళ్లున్నారు. నన్నడిగితే వద్దంటాను. నా జుట్టుకే నేను రంగు వెయ్యను.

అన్నీ సరిగ్గా ఉంటే నీలం తెర వస్తుంది, 38911 బైట్లు ఖాళీ ఉన్నాయని చెప్తుంది, కింద ‘రెడీ’ అని ఒక చుక్క పెట్టి ఆగుతుంది. అప్‌డేట్లు లేవు, పాస్‌వర్డు లేదు. నువ్వేమంటావో అని కర్సర్ మిటకరిస్తూ ఉంటుంది. బేసిక్ అనే కంప్యూటర్ భాషలో రెండు లైన్ల ప్రోగ్రాముతో బాబాయి పేరు తెరనిండా పరుగెత్తించి, అప్పుడు ఆయన్ని పిలువు.

ప్రశ్న: కంప్యూటర్‌లో తప్పుని ‘బగ్’ (పురుగు) అనడం ఒక చిమ్మటతో మొదలైందట కదా?

చిమ్మట నిజం, మొదలవడం అబద్ధం. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్-2 అనే కంప్యూటర్ రిలేలో, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్‌లో, చిమ్మట ఇరుక్కుంది. దాన్ని లాగ్‌బుక్‌లో టేపుతో అతికించి, ‘బగ్ నిజంగా దొరికిన మొదటి కేసు’ అని రాశారు. ఆ మాట అప్పటికే వాడుకలో ఉంది కాబట్టే అది జోకు. ఎడిసన్ 1878లోనే ఉత్తరంలో ఆ మాట రాశాడు. చిమ్మట ఇప్పటికీ ఆ పేజీకే అతుక్కుని అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది.

ప్రశ్న: ఎమ్యులేటర్‌లో, అంటే పాత మెషీన్‌లా నటించే ప్రోగ్రాములో, పాత గేములన్నీ ఫ్రీగా నడుస్తుంటే, అసలు మెషీన్ కోసం అంత దూరం వెళ్లడం, అన్ని తంటాలు పడటం అవసరమా?

నూటికి తొంభై మందికి అవసరం లేదు. డాస్‌బాక్స్, సిమ్‌హెచ్ లాంటి ఎమ్యులేటర్లలో నేనూ గంటలు గంటలు గడుపుతాను, కర్టెన్లకి ఏ ప్రమాదమూ లేదు. మొదలుపెట్టేవాళ్లు ఎమ్యులేటర్‌తోనే మొదలుపెట్టండి. అసలు మెషీన్ కొనాలనే కోరిక మూడు నెలలాగి కూడా ఉంటే అప్పుడు చూద్దాం.

కానీ ఒక్కటి చెప్తాను. 1962లో ఎంఐటీలో స్టీవ్ రస్సెల్, స్నేహితులు కలిసి పీడీపీ-1 అనే కంప్యూటర్ మీద ‘స్పేస్‌వార్’ అనే ఆట రాశారు. రెండు బుల్లి నౌకలు, మధ్యలో ఒక సూర్యుడు, దాని ఆకర్షణ. దీన్ని నా ల్యాప్‌టాప్‌లో ఆడి, ఇంతేనా అనుకున్నాను. చుక్కలు కదులుతున్నాయి, అంతే. తర్వాత మౌంటెన్ వ్యూలో బాగుచేసిన పీడీపీ-1 మీద చూశాను. దాని తెర గుండ్రం, రాడార్లలో వాడిన రకం. ఎలక్ట్రాన్లు తగిలినచోట నీలంగా మెరిసి, ఆ మెరుపు పోయాక పసుపు, ఆకుపచ్చ కలిసిన వెలుగు కాసేపు నిలిచి నెమ్మదిగా ఆరుతుంది. నౌక తిరిగితే దాని వెనక దారి వెలుగుతూ ఉండిపోయింది, అగరువత్తి కొసని చీకట్లో తిప్పినట్టు. ఆట రాసినవాళ్లు చూసింది అదీ. ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం ఒక్క ముక్క మారలేదు, అయినా ఆ తోక రాలేదు. ఈమధ్య ఎమ్యులేటర్లు దాన్నీ అనుకరిస్తున్నాయి. బాగానే ఉంది. చీకటి గదిలో పదిమంది భుజాల మీంచి తొంగిచూడటం మాత్రం ఇంకా అనుకరించలేదు.

ప్రశ్న: మా నాన్నగారు పోయి పన్నెండేళ్లయింది. ఆయన కథలు టైప్ చేసుకున్న ఫ్లాపీలు పదకొండు దొరికాయి. చిన్నవి ఏడు, పెద్దవి నాలుగు. చదివించే దారి ఉందా అమ్మా?

ఉందమ్మా, కానీ తొందరపడొద్దు. ముందు ప్రతి ఫ్లాపీకి అంచు దగ్గరున్న చిన్న కిటికీ చూడు. చిన్నవాటికి ఒక బుల్లి రేకు మూత జరిగి కిటికీ తెరుచుకుంటుంది. లోపలి నల్లటి బిళ్ల మీద బూజు మచ్చలుగానీ, గుండ్రటి గీతలుగానీ కనిపిస్తే డ్రైవ్‌లో పెట్టొద్దు. బూజు రీడింగ్ హెడ్‌కి అంటుకుంటే అది తర్వాత పెట్టిన ఫ్లాపీలన్నింటినీ గీకేస్తుంది.

శుభ్రంగా ఉన్న చిన్నవాటికి యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ సరిపోతుంది. పెట్టేముందు ఫ్లాపీ మీద ఏమీ రాయకుండా ఆపే రైట్ ప్రొటెక్ట్ గడియ జరుపు, అంటే ఒక మూలనున్న ఆ బెజ్జం తెరుచుకుని ఉండాలి. ఫార్మాట్ చేయమంటావా అని కంప్యూటర్ అడగొచ్చు. ఎన్నిసార్లు అడిగినా వద్దనే చెప్పు. అవునన్నావా, కథలు పోయినట్టే. పెద్దవాటికి మాత్రం పాత డ్రైవ్ ఉన్నవాళ్లు కావాలి. గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది. అది ఫైళ్ల జోలికి పోకుండా బిళ్ల మీది అయస్కాంతపు మార్పులన్నీ ఉన్నవున్నట్టు కాపీ చేస్తుంది. ఆ కాపీ చేతిలో ఉంటే తర్వాత ఎన్ని తంటాలైనా తీరుబడిగా పడొచ్చు. పాత కంప్యూటర్లు ఇష్టంగా పెట్టుకున్నవాళ్లలో చాలామంది దగ్గర ఇది ఉంటుంది, అడిగితే సంతోషంగా చేసిపెడతారు.

ఇంకో మాట, ఫైలు తెరిచాక గుండె జారిపోకుండా. ఆ రోజుల్లో తెలుగు టైపు యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే అక్షరాల పద్ధతిలో, లేదు. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టేవి. కాబట్టి నీకు కథ బదులు పిచ్చి గీతలు, ఆశ్చర్యార్థకాలు కనిపిస్తాయి. ఫైలు పాడైపోలేదు. ఆయన ఏ ఫాంటు వాడారో కనుక్కో, ప్రింటు తీసిన కాగితం ఒక్కటి దొరికినా తెలుస్తుంది. ఆ ఫాంటు నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తులు కొన్ని అటూఇటూ అవుతాయి. అవి నువ్వు కూర్చుని దిద్దుకోవాల్సిందే.

ప్రశ్న: చచ్చిన కంప్యూటర్లని మ్యూజియంలో చూపిస్తే చాలు. డబ్బు పోసి మళ్లీ నడిపించడం ముసలివాళ్ల సరదా కాదా?

సరదాయే. ముసలివాళ్లదే. ఇంగ్లండ్‌లో బ్లెచ్లీ పార్క్ ఆవరణలో నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్ ఉంది. అక్కడ హార్వెల్ డెకట్రాన్ అనే మెషీన్‌ని 2012లో మళ్లీ నడిపించారు. 1951 నాటిది, రెండున్నర టన్నులు. ఒక గుణకారానికి అయిదు నుంచి పది సెకన్లు పట్టేది. కొత్తలో హార్వెల్ అణు పరిశోధన కేంద్రం ఉద్యోగి ఒకాయన బల్ల మీద పెట్టుకుని వాడే కాలిక్యులేటర్‌తో దానితో పందెం వేశాడు. అరగంట సమానంగా లాగాడు, తర్వాత అలిసిపోయి వదిలేశాడు. మెషీన్ మాత్రం అదే నడకన పోతూనే ఉంది. దాని అంకెలు గాజు గొట్టాల్లో నారింజ రంగు చుక్కలు. ఏడు అంటే చుక్క ఏడో చోట ఉంటుంది, ఒకటి కలిపితే ఎనిమిదో చోటికి గెంతుతుంది. కూడిక చేస్తుండగా కంటితో చూడొచ్చు. బడిపిల్లలు దాని ముందు నిలబడి వేళ్లతో లెక్కపెడతారట. మీ కొత్త ల్యాప్‌టాప్ మూత తీసి ఏ పిల్లాడికైనా కూడిక చూపించండి, నేను ఈ శీర్షిక మానేస్తాను.

డబ్బు విషయం మాత్రం మీరన్నది నిజం. సియాటిల్‌లో మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన పాల్ ఆలెన్ పెట్టిన లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియంలో పాత మెషీన్ల ముందు సందర్శకులే కూర్చుని టైప్ చేసేవారు. ఆయన 2018లో పోయారు, అది 2020లో మూతపడింది. 2024లో ఇక తెరవబోమని చెప్పి చాలా వస్తువుల్ని వేలం వేశారు. చూడాలనుకున్నది నడుస్తుండగానే చూసి రండి.

ప్రశ్న: మీ దగ్గర అప్పటి పంచ్ కార్డులు ఇంకా ఉన్నాయా?

ఒక్కటుంది. పుస్తకంలో గుర్తుకి పెట్టుకుంటాను. మేము కొట్టిన ప్రతి కార్డునీ రెండో అమ్మాయి వెరిఫయర్ మీద మళ్లీ అదే కొట్టి సరిచూసేది. సరిపోతే కార్డు కుడి అంచున చిన్న గాటు పడేది. తప్పుంటే, తప్పున్న గడి నెత్తిన గాటు పడేది. నా కార్డుకి 43వ గడి నెత్తిన ఉంది గాటు. అది సరిగ్గా కొట్టుంటే మెషీన్‌లోకి వెళ్లేది, నా పుస్తకంలోకి వచ్చేది కాదు.